ఇటలీ ప్రయాణంలో కారు అద్దెకు తీసుకోవాలా? ఒక పాఠకుడికి సమాధానం

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. వయసు 67. వచ్చే సెప్టెంబరులో నేను, నా భార్య, మా అబ్బాయి, కోడలు, ఐదేళ్ల మనవరాలు కలిసి ఇటలీ వెళ్లాలనుకుంటున్నాం. రోమ్‌లో దిగి, ఫ్లోరెన్స్, టస్కనీ పల్లెలు చూసుకుని, వెనిస్‌లో తిరుగు విమానం ఎక్కాలని ఆలోచన. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. అందుకని రోమ్ విమానాశ్రయంలోనే కారు అద్దెకు తీసుకుని వెనిస్‌లో అప్పజెబుదామని మా అబ్బాయి అంటున్నాడు. అతనికి హైదరాబాదులో చాలా ఏళ్లుగా కారు నడిపే అలవాటు ఉంది. అయితే మా బంధువులొకరు అలాగే వెళ్లివచ్చిన కొన్ని నెలలకు వారింటికి పోస్టులో మూడు జరిమానా నోటీసులు వచ్చాయి. ఎందుకు వచ్చాయో వారికి ఇప్పటికీ తెలియదు. కారు తీసుకోవడం మంచిదేనా? లైసెన్సు, బీమా, డిపాజిట్ విషయాల్లో ఏమేం చూసుకోవాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

సమాధానం: కారు తీసుకోండి. అయితే మీ అబ్బాయి అనుకుంటున్నట్టు రోమ్ నుంచి వెనిస్ దాకా కాదు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ నగరాల మధ్య రైలులో తిరగండి, టస్కనీ పల్లెల్లో గడిపే మూడు నాలుగు రోజులకు మాత్రమే కారు పెట్టుకోండి. మీ శ్రీమతి మోకాళ్లను దృష్టిలో పెట్టుకునే ఈ మాట చెబుతున్నాను. ఇటలీలోని పాత నగరాల్లో చేతిలో కారు ఉన్నంత మాత్రాన నడక తగ్గదు. కారును ఊరి అంచున ఎక్కడో నిలిపి అక్కడి నుంచి లోపలికి వెళ్లాల్సి వస్తుంది కనుక కొన్నిచోట్ల పెరుగుతుంది కూడా.

వెనిస్ సంగతి చూడండి. ఆ నగరంలోకి కారు వెళ్లే దారే లేదు. వంతెన దాటగానే పియజాలే రోమా అనే చోట రోడ్డు ఆగిపోతుంది, అక్కడి నుంచి పడవలు, కాలినడక మాత్రమే. అక్కడ కారు అప్పజెప్పి సామాను దింపుకునే శ్రమ కంటే, ఫ్లోరెన్స్‌లో రైలెక్కితే రెండుంపావు గంటల్లో సాంతా లుచియా స్టేషన్‌లో దిగి, మెట్ల ముందే ఉన్న రేవులో వాపొరెట్టో అనే నీటి బస్సు ఎక్కడం ఎంతో తేలిక. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగవంతమైన రైలులో సుమారు గంటన్నర. ఫ్రెచ్చారోసా, ఇటాలో అనే రెండు సర్వీసులు పోటీగా నడుస్తాయి, టికెట్లు ముందుగా కొన్నవారికి చాలా చవకగా దొరుకుతాయి. నడవడానికి ఇబ్బంది పడేవారి కోసం ఇటలీ పెద్ద స్టేషన్లలో సాలా బ్లూ పేరుతో ఉచిత సహాయ కేంద్రాలున్నాయి. ముందుగా చెప్పి పెట్టుకుంటే చక్రాల కుర్చీలో రైలు దాకా తీసుకెళ్లి ఎక్కిస్తారు. మీరు దీన్ని తప్పకుండా వాడుకోండి. రోమ్‌లో విమానం దిగాక, ఫ్యుమిచీనో నుంచి పాత నగర గోడల లోపలికి తెల్ల టాక్సీలకు నగరపాలక సంస్థ నిర్ణయించిన స్థిరమైన ఛార్జీ ఉంది కనుక బేరసారాల అవసరం రాదు. ఐదుగురికీ సామానుకూ సరిపడే పెద్ద బండిని అడగండి.

కారు నిజంగా అవసరమయ్యేది టస్కనీ దక్షిణ భాగంలో. సియెనాకు దిగువన వాల్ దోర్చా అనే లోయ ఉంది. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ లోయలో పియెంజా, మోంటాల్చీనో, సాన్ కీరికో వంటి చిన్న ఊళ్లు పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో గుట్టల మీద ఉంటాయి. వాటి మధ్య బస్సులు చాలా తక్కువ, ఆదివారాల్లో మరీ తక్కువ. ఉదయం ఎండ ముదరక ముందు ఒక ఊరు చూసి, మధ్యాహ్నం పెద్దవాళ్లు విశ్రాంతి తీసుకుని, సాయంత్రం మరో ఊరికి వెళ్లాలంటే కారు ఒక్కటే మార్గం. మీ శ్రీమతికి పియెంజా సుఖంగా ఉంటుంది, ఎందుకంటే గుట్ట మీద ఉన్నా ఊరి లోపల దాదాపు చదునే. బాన్యో విన్యోని కూడా అంతే, అక్కడ ఊరి నడిమధ్య వేడినీటి కోనేరు ఉంది. మోంటెపుల్చానో మాత్రం కింది ద్వారం నుంచి పై చౌక్ దాకా నిలువెత్తు ఎక్కుడు కనుక, అక్కడ ఆమెను నడిపించకండి.

అందుకని నా సూచన ఇది. రోమ్ చూసి రైలులో ఫ్లోరెన్స్ రండి. ఫ్లోరెన్స్ చూడడం పూర్తయ్యాక మాత్రమే కారు తీసుకోండి, అది కూడా నగరం నడిబొడ్డున ఉన్న దుకాణంలో కాకుండా విమానాశ్రయంలో. రైల్వే స్టేషన్ నుంచి అక్కడికి టీ2 ట్రామ్ సుమారు ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది. మీ అబ్బాయి ఒక్కడే వెళ్లి తీసుకురావచ్చు కదా అనిపిస్తుంది. కానీ అతను దాన్ని హోటల్ దాకా తెస్తే మీ బంధువులకు వచ్చిన నోటీసులే మీకూ వస్తాయి. కనుక అందరూ సామానుతో సహా విమానాశ్రయానికే వెళ్లండి. పెద్ద సూట్‌కేసులు రెండుమూడు ఉంటే వాటిని ఫ్లోరెన్స్ హోటల్లోనో, స్టేషన్‌లోని సామాను గదిలోనో ఉంచి, మూడు రోజుల బట్టలతో బయలుదేరండి. ఎలాగూ తిరిగి ఫ్లోరెన్స్‌కే వచ్చి వెనిస్ రైలెక్కుతారు. తీసుకున్నచోటే అప్పజెబితే వేరే ఊళ్లో వదిలినందుకు వసూలు చేసే అదనపు రుసుం కూడా తప్పుతుంది.

ఇక ఆ నోటీసుల సంగతి. నూటికి తొంభై పాళ్లు మీ బంధువులు జెడ్‌టీఎల్ అనే ప్రాంతంలోకి తెలియకుండా వెళ్లి ఉంటారు. ఇటలీలోని దాదాపు ప్రతి పాత ఊరిలోనూ నడిబొడ్డున వాహనాలను నియంత్రించే ప్రాంతం ఒకటి ఉంటుంది. అక్కడ నివసించేవారికీ, అనుమతి ఉన్నవారికీ తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. గేటు ఉండదు, కాపలా ఉండదు, ఎవరూ ఆపరు. తెల్లటి వృత్తం చుట్టూ ఎర్రటి అంచుతో ఒక బోర్డు, కింద వేళలు రాసిన పలక, పైన ఒక కెమెరా మాత్రం ఉంటాయి. కెమెరా నంబర్ ప్లేటును చదివి పంపిస్తుంది, అంతే. ఒకసారి పొరబాటున లోపలికి వెళ్లి, బయటకు రావడానికి దారి వెతుక్కుంటూ మరో రెండు కెమెరాల కింది నుంచి వెళితే మూడు నోటీసులు వస్తాయి. మీ బంధువులకు వచ్చినవి మూడే కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఆ బోర్డుల దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒకచోట ఉంది. చాలా ఊళ్లలో కెమెరా పక్కనే అక్షరాలు వెలిగే బోర్డు ఉంటుంది. దాని మీద ‘వార్కో అత్తివో’ అని రెండు మాటలు కనిపిస్తే దారి తెరిచి ఉందని అనుకుని వెళ్లిపోతారు. కెమెరా పనిచేస్తోంది, లోపలికి రావద్దు అని దాని భావం. ఆ రెండింటి మధ్య ‘నోన్’ అనే మాట చేరి మూడు మాటలు కనిపించినప్పుడే వెళ్లవచ్చు. మీ అబ్బాయితో పాటు ముందు సీట్లో కూర్చునేవారు కూడా దీన్ని గుర్తుపెట్టుకోవాలి. డ్రైవింగ్ చేసేవారికి కొత్త రోడ్డు మీద బోర్డులన్నీ చదివే తీరిక ఉండదు. ఫోన్‌లోని మ్యాపు దారి చూపించింది కదా అనే ధైర్యం కూడా పనికిరాదు, అది ఈ ప్రాంతాల గురించి ప్రతిసారీ హెచ్చరించదు. కనుక గమ్యంగా ఊరి పేరునో, చర్చి పేరునో పెట్టకుండా, ఊరి బయటి పార్కింగ్ స్థలం పేరును పెట్టి బయలుదేరండి. సియెనాలో సాంతా కతెరీనా పార్కింగ్ అని వెతకండి. అక్కడి నుంచి పాత నగరంలోకి ఎస్కలేటర్లు ఉన్నాయి కనుక మీ శ్రీమతికి ఎక్కుడు బాధ తప్పుతుంది. సాన్ జిమిన్యానోలో గోడల బయటే పార్కింగులు ఉన్నాయి. మీ హోటల్ గనక జెడ్‌టీఎల్ లోపల ఉంటే, కారు నంబరును వారు నగరపాలక సంస్థకు తెలియజేసి అనుమతి తీసుకునే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. దాన్ని ముందుగా మెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే లోపలికి వెళ్లండి.

లైసెన్సు విషయం సూటిగా చెబుతాను. మన దేశపు లైసెన్సు ఒక్కటే ఇటలీలో చాలదు. దానితో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. మీ అబ్బాయి తన లైసెన్సుకు సంబంధించిన ఆర్టీఏ కార్యాలయంలో దరఖాస్తు చేసుకుంటే దాన్ని ఇస్తారు. లైసెన్సు, పాస్‌పోర్టు వంటివాటి నకళ్లు అడుగుతారు కనుక వాటిని సిద్ధం చేసుకుని ఆ పని ముందుగానే మొదలుపెట్టండి. దాని కాలపరిమితి గరిష్ఠంగా ఒక సంవత్సరం. ఇంటర్నెట్‌లో డబ్బు కడితే గంటలో ‘అంతర్జాతీయ లైసెన్సు’ పంపుతామనే ప్రకటనలను నమ్మకండి, మన దేశంలో ప్రభుత్వ కార్యాలయం ఇచ్చిందే చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటే పట్టుకెళ్లినా ఉపయోగం లేదు, అసలు లైసెన్సు కార్డు కూడా చేతిలో ఉండాలి. మన దగ్గర డిజిలాకర్‌లో చూపించి బయటపడే అలవాటు పాతుకుపోయింది కానీ, అక్కడి అద్దె కార్యాలయంలో గానీ పోలీసుల దగ్గర గానీ ఫోన్ తెరమీది లైసెన్సు పనికిరాదు. మీరు కూడా మధ్యలో కాసేపు నడపాలనుకుంటే మీకూ పర్మిట్ కావాలి, పైగా ఒప్పందంలో రెండో డ్రైవరుగా మీ పేరు రాయించుకోవాలి. పేరు లేనివారు నడిపినప్పుడు ప్రమాదం జరిగితే బీమా రక్షణ పోతుంది. కొన్ని సంస్థలు డ్రైవరు వయసుకు పైహద్దు పెడతాయి కనుక మీ వయసు చెప్పి ముందే అడగండి. నన్నడిగితే ఈ ప్రయాణంలో మీ అబ్బాయి ఒక్కరే నడపడం మేలు.

డిపాజిట్ దగ్గర మనవారు ఎక్కువగా దెబ్బతింటారు. ప్రయాణానికి వెళ్లేవారంతా బ్యాంకులో ఫారెక్స్ కార్డు తీసుకుంటారు. అది ప్రీపెయిడ్ కార్డు, దాని మీద డిపాజిట్ తీసుకోవడానికి చాలా అద్దె సంస్థలు ఒప్పుకోవు. డెబిట్ కార్డుతోనూ చాలాచోట్ల ఇదే ఇబ్బంది. వారికి కావలసింది ఎవరి పేరున కారు బుక్ అయిందో, ఆ డ్రైవరు పేరున ఉన్న క్రెడిట్ కార్డు. మీ పేరున ఉన్న కార్డు ఇచ్చి మీ అబ్బాయి పేరున కారు అడిగితే కౌంటర్ దగ్గర తిప్పి పంపేస్తారు, ముందుగా కట్టిన అద్దె కూడా తిరిగి రాకపోవచ్చు. బ్యాంకులో పనిచేసిన మీకు లీన్ అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. డిపాజిట్ పేరిట కార్డు పరిమితిలో వెయ్యి, పదిహేను వందల యూరోలను, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువను నిలిపి ఉంచుతారు. కారు అప్పజెప్పాక ఆ మొత్తం విడుదల కావడానికి కొన్ని రోజులు పడుతుంది. అందువల్ల హోటళ్లు, రైళ్ల ఖర్చంతా అదే కార్డు మీద పెట్టుకోకుండా, రెండు లక్షల రూపాయల దాకా ఖాళీ పరిమితి ఉన్న కార్డును దీనికోసమే ఉంచండి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్తగా ఇచ్చిన కార్డులలో విదేశీ లావాదేవీలు మొదట మూసి ఉంటాయి. వాటిని ఇక్కడే తెరిపించి, నాలుగంకెల పిన్ గుర్తుందో లేదో చూసుకోమనండి. ఓటీపీకి అలవాటుపడి పిన్ మరిచిపోయినవారు అక్కడి మనిషి లేని పెట్రోలు బంకులో నిలబడిపోతారు. కార్డు గీసేటప్పుడు యంత్రం రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా అని అడిగితే యూరోలనే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటు వారి ఇష్టప్రకారం పడుతుంది.

బీమా గురించి మీరు మరింత నిదానంగా చదవాలి, ఎందుకంటే కౌంటర్ దగ్గర వెనుక మనుషులు నిలబడి ఉండగా నిర్ణయించుకునే విషయం కాదిది. కారు వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి బీమా ఇటలీలో చట్టప్రకారం తప్పనిసరి, అది అద్దెలోనే కలిసి ఉంటుంది. అద్దె కారుకు దెబ్బ తగలడం, కారును ఎవరైనా ఎత్తుకుపోవడం వంటివాటికి కూడా సాధారణంగా ప్రాథమిక రక్షణ ఇస్తారు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ నష్టంలో మొదటి వెయ్యి, రెండు వేల యూరోల దాకా మీరే భరించాలనే షరతు ఉంటుంది. దాన్ని ఎక్సెస్ అంటారు. ఇటాలియన్ పత్రాల్లో ‘ఫ్రాంకీజా’ అని ఉంటుంది. డోరు మీద చిన్న గీత పడినా ఆ పరిధిలోకే వస్తుంది కనుక మొత్తం మీరే కట్టాలి. దీన్ని తప్పించుకోవడానికి రెండు మార్గాలున్నాయి. అద్దె సంస్థే రోజుకు ఇంత అని తీసుకుని ఎక్సెస్‌ను సున్నాకు తగ్గించే రక్షణను అమ్ముతుంది. ఇది ఖరీదైనదే కానీ, దెబ్బ తగిలితే తాళం చేతికిచ్చి వచ్చేయవచ్చు, చాలా సంస్థలు డిపాజిట్ కూడా తగ్గిస్తాయి. రెండోది, వేరే బీమా సంస్థ దగ్గర ముందుగా కొనుక్కునే ఎక్సెస్ బీమా. ధర తక్కువ, కానీ దెబ్బ తగిలితే ముందు మీ కార్డు నుంచి డబ్బు పోతుంది, తరువాత కాగితాలన్నీ పంపి తిరిగి రాబట్టుకోవాలి. భారతదేశంలో ఉంటున్నవారికి ఆ పాలసీ వర్తిస్తుందో లేదో కూడా చూసుకోవాలి. మీ విషయంలో నేను మొదటి మార్గమే సిఫారసు చేస్తాను. కుడివైపు నడపడం మీ అబ్బాయికి మొదటిసారి, టస్కనీ పల్లెదారులు ఇరుకు, కారు ఉండేది మూడు నాలుగు రోజులే. వీసా కోసం మీరు తీసుకునే ప్రయాణ బీమాలో అద్దె కారు నష్టం సాధారణంగా ఉండదు, దాన్ని నమ్ముకోకండి.

ఏ రక్షణ తీసుకున్నా అందులో చేరనివి ఏమిటో అడగండి. అద్దాలు, టైర్లు, చక్రాల అంచులు, కారు అడుగుభాగం చాలా ఒప్పందాల్లో మినహాయింపు కింద ఉంటాయి. ఇది టస్కనీలో ముఖ్యం. అక్కడ పొలాల మధ్య ఉన్న వసతి గృహాలను అగ్రితురిజ్మో అంటారు. వంటగది ఉంటుంది, పెద్దవారికి ఇంత అన్నం వండిపెట్టుకోవచ్చు, పిల్లకు ఆడుకోవడానికి చోటుంటుంది, కనుక మీలాంటి కుటుంబానికి హోటల్ కంటే అవే నయం. కానీ వాటిలో చాలావాటికి చివరి ఒకటి రెండు కిలోమీటర్లు తెల్లటి కంకర రోడ్డు ఉంటుంది. ఆ రాళ్లు ఎగిరి అడుగుభాగానికి తగులుతాయి, వానకు పడిన గుంతల్లో బంపరు గీసుకుంటుంది. గది బుక్ చేసేటప్పుడే గుమ్మం దాకా తారురోడ్డు ఉందా అని అడిగి, ఉన్నదాన్నే ఎంచుకోండి.

కారు ఎంపికలో రెండు మాటలు. మొదటిది గేరు. ఐరోపాలో చవకగా దొరికేవి ఎక్కువగా మాన్యువల్ గేరు కార్లే. ఎడమవైపు స్టీరింగ్, కుడిచేత్తో గేరు, రోడ్డుకు కుడివైపు నడపడం అన్నీ ఒకేసారి నేర్చుకోవడం కంటే ఆటోమేటిక్ తీసుకోవడం క్షేమం. అవి తక్కువ ఉంటాయి కనుక రెండుమూడు నెలల ముందే బుక్ చేయండి. రెండోది చోటు. ఐదు సీట్ల కారులో ఐదుగురు పట్టినా ఐదుగురి సామాను పట్టదు. అలాగని ఏడు సీట్ల పెద్ద బండి తీసుకుంటే పల్లె సందుల్లో తిప్పలేరు. వెనుక డిక్కీ పొడవుగా ఉండే స్టేషన్ వ్యాగన్ అడగండి, పైన చెప్పినట్టు సామానులో సగం ఫ్లోరెన్స్‌లోనే ఉంచండి. మీ మనవరాలికి పిల్లల సీటు తప్పనిసరి, ఎత్తు 150 సెంటీమీటర్లు దాటేదాకా ఇటలీ చట్టం దాన్ని అడుగుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకునే మాట తలపెట్టకండి.

తాళం చేతికి రాగానే బయలుదేరకండి. కోడలిని ఫోన్ తీసి కారు చుట్టూ నిదానంగా ఒక వీడియో తీయమనండి. ముందు బంపరు కింది అంచు, నాలుగు చక్రాల అంచులు, అద్దం మీద రాయి తగిలిన చుక్క, అద్దాల తొడుగులు, డిక్కీ మూత, చివరిగా ఇంధనం ముల్లూ, తిరిగిన కిలోమీటర్లూ కనిపించే డాష్‌బోర్డు అందులో ఉండాలి. భూగర్భ పార్కింగులో వెలుతురు చాలకపోతే కారును బయటికి తీసి మళ్లీ చూడండి. మీకు కనిపించిన ప్రతి గీతా వారిచ్చిన కాగితం మీద ఉందో లేదో సరిపోల్చి, లేనిదాన్ని అక్కడి ఉద్యోగి చేత రాయించండి. ‘అది చిన్నదే, ఫరవాలేదు’ అంటే ఒప్పుకోకండి, రాయమని మర్యాదగా పట్టుబట్టండి. డిక్కీలో హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్ ఉండాలి, హైవే మీద కారు ఆగితే ఆ జాకెట్ వేసుకోకుండా దిగకూడదు.

కుడివైపు నడపడం గురించి మీ అబ్బాయికి చెప్పవలసింది ఒకటే. రద్దీ రోడ్డు మీద ఎవరూ తప్పు చేయరు, ముందు వెళ్లే కారే దారి చూపిస్తుంది. తప్పు జరిగేది పొద్దున్నే ఖాళీగా ఉన్న వసతి గృహం ఆవరణ నుంచి రోడ్డెక్కేటప్పుడు, పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు, ఎవరూ లేని పల్లె కూడలిలో ఎడమకు తిరిగేటప్పుడు. ఆ మూడు సందర్భాల్లోనూ పక్కనున్నవారు ‘కుడి’ అని పైకి అనాలి. రౌండ్‌అబౌట్‌లో వాహనాలు కుడివైపుగా ప్రవేశించి గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి, అప్పటికే లోపల ఉన్నవారికి దారి ఇవ్వాలి. బోర్డులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారిదే ముందు హక్కు. జీబ్రా గీతల మీద కాలు పెట్టిన మనిషి కోసం ఆగి తీరాలి. ఊళ్లలో ప్రమాదం తప్పించడానికి తప్ప హారన్ కొట్టకూడదు. చేతిలో ఫోన్ పట్టుకుని నడిపితే జరిమానా 2024 డిసెంబరు నుంచి కనీసం 250 యూరోలు. ఊరి బయట పగలు కూడా లైట్లు వెలిగి ఉండాలి. ద్రాక్షతోటలకు వెళ్లినప్పుడు రుచి చూడమని అందరికీ ఇస్తారు, స్టీరింగ్ పట్టేవారు మాత్రం ఒక్క గుక్క కూడా తాగకూడదని ముందే అనుకోండి.

వేగం హద్దులు ఇవి: మోటారు రహదారి మీద 130, వాన పడుతుంటే 110, ఊళ్ల మధ్య మామూలు రోడ్ల మీద 90, ఊళ్లో 50. ఊరి పేరు రాసిన తెల్ల బోర్డు దాటగానే 50 మొదలైనట్టే, వేరే బోర్డు ఉండదు. మోటారు రహదారుల మీద చాలాచోట్ల టూటర్ అనే ఏర్పాటు ఉంది. అలిపిరిలో బయలుదేరిన వేళ రాసుకుని, నిర్ణయించిన సమయం కంటే ముందే కొండపైకి చేరిన బండికి జరిమానా వేసే తిరుమల ఘాట్‌రోడ్డు పద్ధతి మీకు తెలిసిందే కదా, టూటర్ కూడా సరిగ్గా అలాగే రెండు కెమెరాల మధ్య పట్టిన సమయాన్ని లెక్కగట్టి సగటు వేగం తేలుస్తుంది. కనుక కెమెరా దగ్గర మాత్రం బ్రేకు తొక్కితే లాభం లేదు.

ఫ్లోరెన్స్ నుంచి సియెనా వెళ్లే నాలుగు వరుసల రోడ్డుకు టోల్ లేదు. ఏ1 మోటారు రహదారి మీద వెళ్లి వాల్దికియానా దగ్గర దిగితే మాత్రం టోల్ కట్టాలి. ఎక్కేచోట యంత్రం ఇచ్చే టికెట్ తీసుకోవాలి, దిగేచోట దాన్ని చూపి తిరిగిన దూరానికి డబ్బు కట్టాలి. దిగేచోట పసుపు రంగులో టెలిపాస్ అని మాత్రమే రాసి ఉన్న వరుసలోకి వెళ్లకండి, అది ముందుగా పరికరం పెట్టించుకున్నవారిది. నాణేలు, నోట్లు, కార్డు బొమ్మలున్న వరుసను చూసుకోండి. ఒకవేళ పొరబాటున వెళ్లినా రివర్స్ చేయడం మాత్రం ఘోరమైన నేరం. అక్కడున్న సహాయం బటన్ నొక్కితే ఒక కాగితం వస్తుంది, దాని మీది మొత్తాన్ని తరువాత కట్టవచ్చు.

పెట్రోలు బంకులో ఒక ఉచ్చు ఉంది. అక్కడ పెట్రోలును బెంజీనా అంటారు. గాసోలియో అంటే డీజిల్. అమెరికాలో ఉన్న మన పిల్లల మాటలు విని గ్యాస్ అంటే పెట్రోలు అనుకునేవారు గాసోలియో పైపు ఎత్తితే ఇంజిన్ పాడవుతుంది, తప్పుడు ఇంధనం వల్ల కలిగే నష్టం బీమాలోకి రాదు. ఐరోపా అంతటా 2018 నుంచి ఒకే గుర్తులు వాడుతున్నారు: వృత్తం ఉంటే పెట్రోలు, చతురస్రం ఉంటే డీజిల్. ఇంధనం మూత లోపలి గుర్తునూ పైపు మీది గుర్తునూ సరిపోల్చి పోయించండి. మనమే పోసుకునే వరుసలో ధర తక్కువ, మనిషి వచ్చి పోసే వరుసలో ఎక్కువ.

ఏ కారణం చేతనైనా మీ అబ్బాయికి ఇదంతా భారమనిపిస్తే మొహమాటపడకండి. సియెనా వరకు ఫ్లోరెన్స్ నుంచి నేరుగా బస్సు ఉంది, గంటంపావు ప్రయాణం. వాల్ దోర్చాకు మాత్రం ఒక రోజుకు డ్రైవరుతో సహా వాహనం మాట్లాడుకోవచ్చు. ఖర్చు ఎక్కువే కానీ, ఐదుగురి మధ్య పంచుకుంటే, బీమా, పార్కింగ్, ఇంధనం, పిల్ల సీటు అన్నీ కలిపి చూసుకుంటే తేడా మీరు భయపడినంత ఉండదు. అప్పుడు మీ అబ్బాయి కూడా కిటికీలోంచి బయటికి చూడగలుగుతాడు.

కారు ఆపి ఎక్కడికి వెళ్లినా లోపల బ్యాగు కనబడకుండా చూసుకోండి. పాస్‌పోర్టులు ఎప్పుడూ మీతోనే ఉండాలి. నేల మీద తెల్ల గీతలుంటే పార్కింగ్ ఉచితం, నీలం గీతలుంటే యంత్రంలో డబ్బు వేసి చీటీ తీసి అద్దం దగ్గర పెట్టాలి, పసుపు గీతలు మీకు కావు. ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయండి. ఎదుటివారు నీలిరంగు ప్రమాద పత్రం ఇచ్చి సంతకం చేయమంటే, అందులో ఏముందో అర్థమైతేనే చేయండి, వెంటనే అద్దె సంస్థకు తెలియజేయండి.

అప్పజెప్పే రోజున రైలుకు మూడు గంటల ముందే విమానాశ్రయం చేరేలా బయలుదేరండి. దగ్గరలోని బంకులో ట్యాంకు నింపించి ఆ రశీదు ఉంచుకోండి. కార్యాలయం తెరిచి ఉన్న వేళలో, ఉద్యోగి కారు చూసి కొత్త దెబ్బలేవీ లేవని కాగితం మీద రాసిచ్చాకే కదలండి. తాళం పెట్టెలో వేసి వెళ్లిపోతే తరువాత వచ్చే మాటకు జవాబు చెప్పుకోవడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. అప్పజెప్పేటప్పుడు కూడా మొదట తీసినట్టే వీడియో తీయండి.

ఇంత జాగ్రత్త తరువాత కూడా ఒక నోటీసు రావచ్చు కనుక అది వచ్చే తీరు తెలుసుకోండి. ముందుగా అద్దె సంస్థ మీ అబ్బాయి కార్డు నుంచి కొంత సొమ్ము తీసుకుంటుంది. అది జరిమానా కాదు, మీ చిరునామాను పోలీసులకు అందజేసినందుకు వారు తీసుకునే రుసుం. అసలు జరిమానా వేరుగా, ఉత్తరంగా వస్తుంది. విదేశాల్లో ఉండేవారికి పంపడానికి వారికి 360 రోజుల గడువు ఉంది కనుక అది మరుసటి వేసవిలో వచ్చినా ఆశ్చర్యపోకండి. జెడ్‌టీఎల్ తప్పుకు ఒక్కోసారికి ఎనభై యూరోలకు పైమాట, ఆపైన పంపిన ఖర్చులు. అందిన ఐదు రోజుల్లోపు కడితే ముప్పై శాతం తగ్గుతుంది, లేదంటే అరవై రోజుల్లోపు పూర్తిగా కట్టాలి. ఉత్తరంలో తేదీ, వేళ, వీధి పేరు ఉంటాయి. వాటిని మీరు తిరిగిన రోజులతో సరిపోల్చి, సరైనదే అయితే అందులోని ఖాతాకు నోటీసు సంఖ్య రాసి పంపండి, రశీదు దాచుకోండి. మీ బంధువులను కూడా ఆ మూడు నోటీసులు మరోసారి తీసి, వేళలు చూడమనండి. మూడింటి మధ్య ఉన్నవి కొద్ది నిమిషాలే అయితే, అవి ఒకే ప్రాంతంలో దారి తప్పినప్పటివి. ఇంకా కట్టకపోతే గడువు ఎంత దాటిందో చూసుకుని, ఆ నగరపాలక సంస్థకు నోటీసు సంఖ్యతో మెయిల్ రాసి, ఇప్పుడు ఎంత కట్టాలో అడగమని చెప్పండి.